తాతగారి సైకిల్ ఏ కంపెనీది, ఏ కాలంది: గుణుపురం ప్రశ్నకు జవాబు

గుణుపురం నుంచి మీరు పెట్టిన ప్రశ్న చదివాను, ఫొటోలు పెద్దవి చేసి చూశాను. మీ తాతగారు బడిపంతులుగా చేరిన కొత్తలో, 1925లో కొన్న సైకిల్ అని ఇంట్లో చెప్పుకుంటారని రాశారు. ముందు బ్యాడ్జి ఊడిపోయి రెండు చిల్లులు మిగిలాయి. చైన్ వీలు మీద బి.ఎస్.ఏ. అక్షరాలున్నాయి. ఫ్రేముకి ఎవరో బ్రష్షుతో ఆకుపచ్చ రంగు పూశారు. ఇది నిజంగా బి.ఎస్.ఏ. సైకిలేనా, 1925 సరైనదేనా, రంగంతా గీకించి కొత్తగా నల్ల రంగు కొట్టించి మెరుగు పెట్టించవచ్చా అన్నవి మీ ప్రశ్నలు.

చివరిదానికి ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే అది ఆగదు. రంగు గీకించకండి. మెరుగు పెట్టించకండి. షాపులో ఓవరాయిలింగ్‌కి ఇచ్చినా, సాండ్ పేపరు ముట్టుకోవద్దని గట్టిగా చెప్పి ఇవ్వండి. ఈ సైకిల్ వయసు చెప్పే సాక్ష్యంలో సగం ఆ ఆకుపచ్చ రంగు కిందే ఉంది. ఒకసారి గీకితే అది మళ్ళీ రాదు. బరంపురంలో మా నాన్నగారి కాలం నుంచి సైకిల్ షాపు నడుపుతున్నాం. కొత్త పెళ్ళికూతురిలా తయారైన పాత సైకిళ్ళు మా దగ్గరికి చాలా వచ్చాయి. వాటి కంపెనీ పేరు చెప్పడానికి ఏ ఆధారమూ మిగలదు. యజమాని ముఖం చూస్తే బాధేస్తుంది.

ఇక కంపెనీ సంగతి. చైన్ వీలు మీద బి.ఎస్.ఏ. అని ఉన్నంత మాత్రాన సైకిల్ బి.ఎస్.ఏ.ది కాదు. మన ప్రాంతంలో ఎక్కువమంది పప్పులో కాలేసేది ఇక్కడే. బి.ఎస్.ఏ. అంటే బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్, ఆ కంపెనీ 1861లో తుపాకుల కోసం పుట్టింది. 1893 నుంచి సైకిల్ విడిభాగాలు పెద్ద ఎత్తున తయారుచేసి ఇతర కంపెనీలకు అమ్మింది. హబ్బులు, పెడల్ క్రాంకులు, చైన్ వీళ్ళు, ఫ్రేము గొట్టాలను కలిపే లగ్గులు, కింద ఇరుసు కూర్చునే బీబీ షెల్లు, అన్నీ అమ్మింది. చిన్న కంపెనీలు, ఊళ్ళో సైకిళ్ళు కట్టే షాపులవాళ్ళు కూడా ఆ సెట్టు కొని, గొట్టాలు అతికి, తమ పేరు పెట్టుకుని అమ్మేవారు. కాబట్టి మూడు తుపాకులు ఒకదానికొకటి ఆనించి నిలబెట్టిన బి.ఎస్.ఏ. ముద్ర మీ బీబీ షెల్లు అడుగున కనిపించినా, అది బి.ఎస్.ఏ. సామానుతో కట్టిన ఫ్రేము అని మాత్రమే చెప్పగలం. బి.ఎస్.ఏ. ఫ్యాక్టరీ నుంచి పూర్తి సైకిల్‌గా బయటికొచ్చిందా అన్నది బ్యాడ్జి, ఫ్రేము మీద అతికించే బంగారు రంగు ట్రాన్స్‌ఫర్లు, ఫ్రేము నంబరు, ఈ మూడూ కలిసి చెప్పాలి. మీ దగ్గర బ్యాడ్జి లేదు. ట్రాన్స్‌ఫర్లు ఉంటే ఆకుపచ్చ కింద ఉంటాయి. అందుకే అంత గట్టిగా వద్దన్నాను.

పైగా చైన్ వీలు మార్చడం కష్టమేమీ కాదు. క్రాంకుని ఇరుసుకి బిగించే కాటర్ పిన్ను కొట్టి తీస్తే క్రాంకుతో సహా ఊడి వస్తుంది. పళ్ళు అరిగిన చైన్ వీలు తీసేసి, మూలన పడున్న ఇంకో సైకిల్‌ది వేయడం ప్రతి షాపులోనూ జరిగే పనే. అయినా చైన్ వీలు చూడటం మానకూడదు, ఎందుకంటే పాత ఇంగ్లాండు కంపెనీలు తమ గుర్తును అందులోనే చెక్కేవి. ర్యాలీ చైన్ వీలులో కొంగ తల ఉంటుంది. హంబర్‌లో వరసగా చిన్న చిన్న మనిషి బొమ్మలు, రడ్జ్‌లో అరచెయ్యి. హెర్క్యులీస్‌లో పేరే అక్షరాలుగా కోసి ఉంటుంది. ఫ్రేముకి, చైన్ వీలుకి గుర్తులు వేరువేరుగా ఉంటే ఒకటి మారినట్టే, అందులోనూ మారింది చైన్ వీలే అని ముందు అనుకోండి.

ఫ్రేము గురించి మీరు ఇంట్లోనే ఒక పరీక్ష చేయించవచ్చు. బీబీ షెల్లులో ఇరుసుని పట్టి ఉంచే మర కప్పు, అంటే బీబీ కప్పు విప్పి, మామూలు కప్పు ఒకటి చేత్తో తిప్పి చూడమనండి. ఇంగ్లాండు సైకిళ్ళలో చాలావాటికి ఆ మర అంగుళానికి 24 చుట్లు. ర్యాలీ మాత్రం తన సొంత పద్ధతిలో 26 చుట్లు పెట్టింది. మామూలు కప్పు ఒకటి రెండు చుట్లు తిరిగి బిగుసుకుపోతే, అక్కడే ఆపాలి, స్పానరు వేసి బలవంతంగా తిప్పకూడదు. అలా బిగుసుకుంటే మీది ర్యాలీ ఫ్రేము, లేదా ర్యాలీ కొనేసిన కంపెనీల్లో ఒకదాని ఫ్రేము అయ్యే అవకాశం ఎక్కువ. హాయిగా లోపలికి వెళ్తే ర్యాలీని పక్కన పెట్టేయవచ్చు. దీంతో సంవత్సరం తేలదు కానీ సగం పేర్లు కొట్టేయవచ్చు.

ఇప్పుడు 1925 సంగతి. మీ మూడో ఫొటో, బ్రేకు లివరు హ్యాండిల్‌కి పట్టే చోటు దగ్గరగా తీసినది, నాకు అన్నిటికన్నా పనికొచ్చింది. అందులో రిజిస్టర్డ్ డిజైన్ అన్న పొడి అక్షరాల పక్కన 764తో మొదలయ్యే ఆరంకెల నంబరుంది. బ్రిటన్‌లో వస్తువు ఆకారాన్ని ఎవరూ కాపీ కొట్టకుండా రిజిస్టరు చేసుకునేవారు. 1884లో ఒకటితో మొదలై ఆ నంబర్లు ఆగకుండా సాగాయి. 1900 మొదటికి సుమారు 3,51,000, 1910కి 5,52,000, 1920కి 6,73,000, 1930కి 7,51,000, 1940కి 8,37,000 దగ్గరికి చేరాయి. అంటే 1930లలో ఏడాదికి ఎనిమిది, తొమ్మిది వేలు. మీ నంబరు 1931 ప్రాంతంలో పడుతుంది. ఆ డిజైను రిజిస్టరైన ఏడాది అదే. బ్రేకు తయారైంది ఆ ఏడాదో, తర్వాత ఎన్నేళ్ళకో. దానికి ముందు మాత్రం కాదు. ఇలాంటి నంబర్లు ఎప్పుడూ కింది హద్దునే చెబుతాయి, పై హద్దు చెప్పవు.

పేటెంటు నంబర్లలోనూ ఇలాంటి సదుపాయం ఒకటుంది. 1916కి ముందు బ్రిటన్‌లో పేటెంటు నంబరు ప్రతి ఏడూ ఒకటి నుంచి మళ్ళీ మొదలయ్యేది, అందుకే నంబరు పక్కన సంవత్సరం కూడా వేసేవారు. 1916లో లక్షా ఒకటి నుంచి వరసగా లెక్కించడం మొదలుపెట్టారు. సీటు స్ప్రింగు మీదో, పెడల్ మీదో, లాంతరు మీదో బ్రిటిష్ పేటెంటు నంబరు లక్ష దాటి కనిపిస్తే ఆ వస్తువు 1916కి ముందుది కాదు. అయిదంకెల నంబరు, పక్కన 08 అనో 11 అనో ఉంటే జాగ్రత్తగా దాచుకోండి.

అయితే ఈ బ్రేకుతో పుట్టిందే మీ ఫ్రేము అనుకోవడానికీ ఆధారం కావాలి. అసలు ఈ పని అంతటిలో నేను పట్టుకున్న సూత్రం ఇదొక్కటే: ఒక భాగం వయసు ఆ భాగానిదే, సైకిల్‌ది కాదు. మన గంజాం, రాయగడ, కోరాపుట్ వైపు సైకిల్ సరదాకి తొక్కిన వస్తువు కాదు. సంతకు బట్టల మూటలు మోసింది, బియ్యం బస్తా మోసింది, పాల క్యాన్లు మోసింది. రాళ్ళ దారిలో రిమ్ములు వంగాయి, ఊచలు తెగాయి, ఫోర్కులు విరిగాయి. విరిగినప్పుడల్లా బరంపురంలోనో పర్లాకిమిడిలోనో దొరికినదేదో పడింది. 80, 90 ఏళ్ళు ఇలా బతికిన సైకిల్లో అన్నీ ఒకే ఏటివి ఉండటం అరుదు. మీ ఫొటోల్లోనే చూడండి: వెనక రిమ్ము మీద మేడ్ ఇన్ ఇండియా అని ముద్ర ఉంది, ముందు హబ్బుకి నూనె పోసే స్ప్రింగు మూత ఉంది, వెనక హబ్బుకి లేదు. వెనక చక్రం మొత్తం తర్వాత వచ్చింది.

ఆకారం చూసి మోసపోకండి. ఈ మాట మళ్ళీ మళ్ళీ చెప్పాల్సి వస్తోంది. ఎత్తయిన నల్ల ఫ్రేము, 28 అంగుళాల చక్రాలు, తీగలకు బదులు ఇనప కడ్డీలతో పనిచేసే బ్రేకులు, ముందుకు బాగా వంగిన ఫోర్కు, ముందు చక్రానికి 32, వెనక చక్రానికి 40 ఊచలు, తోలు సీటు, ఇవన్నీ చూసి రెండో ప్రపంచ యుద్ధానికి ముందుది అని చాలామంది తేల్చేస్తారు. ఇదే సైకిల్‌ని మన దేశంలో స్వాతంత్ర్యం తర్వాత దశాబ్దాల తరబడి తయారుచేశారు. మురుగప్ప గ్రూపు, ఇంగ్లాండులోని ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ కలిసి 1949లో టి.ఐ. సైకిల్స్ పెట్టాయి. మద్రాసు పక్కన అంబత్తూరు ఫ్యాక్టరీ నుంచి హెర్క్యులీస్ వచ్చింది, తర్వాత ఫిలిప్స్, బి.ఎస్.ఏ. పేర్లు కూడా. బెంగాల్లో అసన్‌సోల్ దగ్గర సేన్-ర్యాలీ 1950లలో ర్యాలీ, హంబర్, రడ్జ్, రాబిన్‌హుడ్ పేర్లతో చేసింది. సోనీపట్‌లో అట్లాస్ 1951లో, లూధియానాలో హీరో 1956లో మొదలయ్యాయి. పేరు ఇంగ్లాండుది, ఆకారం 1930లది, పుట్టుక మాత్రం మన దేశంలో. బ్యాడ్జి మీద చిన్న అక్షరాల్లో ఊరు పేరు చదవకుండా పెద్ద అక్షరాల్లో కంపెనీ పేరు చదివితే ఇక్కడే దొరికిపోతాం. యుద్ధానికి ముందు మన దేశంలో పెద్ద ఎత్తున సైకిల్ తయారీ 1930ల చివర పాట్నా, బొంబాయిల్లో అప్పుడే మొదలైంది. అందుకని ఫ్రేము మీదే మేడ్ ఇన్ ఇండియా అని కనిపిస్తే యుద్ధానికి ముందుది అనే ఆశ దాదాపు వదులుకోవచ్చు.

ఇంకో ముఖ్యమైన చిక్కు ఉంది. ఇంగ్లాండులోనే తయారైన సైకిల్ అని తేలినా పని పూర్తి కాదు. యుద్ధం ముగిశాక 1946 నుంచి 1950ల మొదటి వరకు ఇంగ్లాండు సైకిళ్ళు మన దేశానికి విపరీతంగా వచ్చాయి. మన వైపు ఇళ్ళలో ఫారిన్ సైకిల్ అని చూపించేవాటిలో ఎక్కువ భాగం ఆ కాలంవే అని నా అభిప్రాయం. 1938 సైకిల్ని, 1948 సైకిల్ని పక్కపక్కన పెడితే పదడుగుల దూరం నుంచి తేడా తెలియదు. దగ్గరికి వెళ్ళాలి.

దగ్గరికి వెళ్ళినప్పుడు నేను మొదట చూసేది పూత. 1920ల చివరి వరకు సైకిల్ మీద మెరిసే భాగాలకు నికెల్ పూతే. ఆ తర్వాత క్రోమియం వచ్చింది. రెండూ వెండిలాగే కనిపిస్తాయి కానీ పగటి వెలుతురులో తెల్ల కాగితం పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. నికెల్‌లో లేత పసుపు ఛాయ ఉంటుంది, మాసి మసకబారుతుంది, గుడ్డతో రుద్దితే మళ్ళీ తేరుకుంటుంది. క్రోమియంలో నీలపు ఛాయ, అద్దంలాంటి చల్లని మెరుపు. అది మసకబారదు, పొక్కి పొరలుగా లేస్తుంది. క్రోమియం వేసేముందు అడుగున నికెల్ పూస్తారు కాబట్టి, బాగా అరిగిన క్రోమియం చోట కింది నికెల్ బయటపడి పాతది అనిపిస్తుంది. అందుకే అరిగిన చోట కాకుండా దాగిన చోట చూడాలి. సీటు కాడ బిగించిన నట్టు వదులు చేసి, కాడను ఫ్రేము నుంచి మెల్లగా పైకి లాగండి. ఏళ్ళ తరబడి గొట్టం లోపల ఉన్న ఆ నాలుగంగుళాల ముక్కకు ఎండ తగల్లేదు, వాన తగల్లేదు, చెయ్యి తగల్లేదు. గ్రీజు తుడిస్తే ఫ్యాక్టరీలో వేసిన పూత అలాగే కనిపిస్తుంది. బెల్లు పట్టీ కింద హ్యాండిల్ మీద కూడా ఒక సన్నని కట్టు అలాగే భద్రంగా ఉంటుంది. మీ హ్యాండిల్ క్రోమియమే అని ఫొటోలో అనిపిస్తోంది. సీటు కాడ కూడా క్రోమియమే అయితే 1925 అనే మాట నిలబడదు. సీటు కాడ నికెల్‌గా తేలితే మాత్రం నాకు వెంటనే రాయండి, అప్పుడు ఫ్రేము పాతది, బ్రేకులూ హ్యాండిలూ తర్వాత మార్చినవి అయి ఉంటాయి, మీ ఇంట్లోవాళ్ళ మాటే నిజమవుతుంది.

ఫ్రేము నంబరు గురించి. సీటు గొట్టం పైకొస దగ్గర అతుకు మీద, బీబీ షెల్లు అడుగున, వెనక ఇరుసు కూర్చునే గాడి పక్కన వెతకండి. మీరు కిరోసిన్ గుడ్డతో తుడిచి, టార్చి లైటు పక్కనుంచి వేసి చూడండి. ఎదురుగా వేస్తే ఏమీ కనిపించదు, పక్కనుంచి వేస్తేనే అంకెల లోతులో నీడ పడుతుంది. పలచని కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దితే ఇంకా బాగా వస్తుంది. అంకెల ముందు అక్షరం ఉన్నా, చివర ఉన్నా వదలకుండా రాసుకోండి. ఆ నంబరుని ఇంటర్నెట్‌లో వెతికి దొరికిన మొదటి పట్టికతో పోల్చి సంవత్సరం రాసేసుకోకండి. కంపెనీ ఏదో తెలియకుండా నంబరుకి అర్థం లేదు. నంబర్లు అన్ని కంపెనీల్లోనూ వరసగా పెరగలేదు కూడా. కొన్ని కంపెనీలు అదే నంబరుని ఫోర్కు కాడ మీద కూడా కొట్టేవి. ఫోర్కు విప్పినప్పుడు కాడ మీద అదే నంబరుంటే ఫోర్కు, ఫ్రేము కలిసి పుట్టాయని తేలిపోతుంది. అది దొరికితే అదృష్టం.

మీకు లేదు కానీ చదివే మిగతావాళ్ళ కోసం: వెనక హబ్బు మీద స్టర్మీ-ఆర్చర్ అని ఉంటే పండగే. నాటింగ్‌హామ్‌లో చేసిన ఆ గేర్ల హబ్బుల్లో ఏ.డబ్ల్యు. అన్న మూడు గేర్ల రకం 1936లో వచ్చింది. యుద్ధానికి ముందటి వాటి మీద ఏ.డబ్ల్యు. పక్కన ఒకే అంకె ఉంటుంది, 8 అంటే 1938, 9 అంటే 1939. యుద్ధం తర్వాతి వాటికి రెండంకెల సంవత్సరం, పక్కన నెల. ముందు చక్రం హబ్బులోనే డైనమో ఉండే రకం కూడా ఆ కంపెనీదే, 1936 నుంచి వచ్చింది. మన వైపు గేర్ల సైకిళ్ళు తక్కువే, ఎస్టేట్లలో, రైల్వే అధికారుల బంగళాల్లో వాడినవి కనిపిస్తాయి. ఇక్కడా అదే హెచ్చరిక, హబ్బు సంవత్సరం చక్రానిది, ఫ్రేముది కాదు.

బ్యాడ్జి దొరికినవాళ్ళు దాని మీది ఊరుని చదవాలి. కంపెనీలు చేతులు మారాయి, ఆ మార్పులు ఊరి పేర్లలో మిగిలాయి. రడ్జ్-విట్‌వర్త్ మీద కోవెంట్రీ అని ఉంటే పాతది, ఆ సైకిళ్ళ వ్యాపారాన్ని ర్యాలీ 1943లో కొన్నాక నాటింగ్‌హామ్ అయింది. హంబర్‌ని ర్యాలీ 1932లోనే తీసుకుంది. సన్‌బీమ్ మీద వుల్వర్‌హ్యాంప్టన్ అని ఉండి, చైను మొత్తం నూనెలో తిరిగే మూసిన పెట్టె కూడా ఉంటే, అది జాన్ మార్స్టన్ కంపెనీ సైకిల్. అలాంటిది ఎవరి దొడ్లోనైనా ఉంటే దయచేసి ఇనప సామాను వాడికి వేయకండి. 1910లో బర్మింగ్‌హామ్‌లో పుట్టిన హెర్క్యులీస్ మాత్రం చవకగా, లెక్కలేనన్ని చేసింది, అందుకే మన ఊళ్ళలో దాని అవశేషాలు ఎక్కువ. ఫిలిప్స్ అన్న పేరు పెడల్ మీద కనిపిస్తే పొంగిపోవద్దు, ఆ కంపెనీ పెడళ్ళు, బ్రేకులు ఇంగ్లాండు అంతటా అందరి సైకిళ్ళకీ పడ్డాయి. లూకాస్ బెల్లు, బ్రూక్స్ సీటు కూడా అంతే. చూడముచ్చటైన వస్తువులే, సాక్ష్యానికి నిలబడవు.

మీ ఫ్రేముకి బ్యాడ్జి లేదు కదా, కానీ చిల్లులున్నాయి. రెండు చిల్లుల మధ్య దూరం స్కేలు పెట్టి మిల్లీమీటర్లలో కొలవండి, ఒకదాని కింద ఒకటున్నాయా పక్కపక్కన ఉన్నాయా చెప్పండి. బ్యాడ్జి ఊడాకే ఆకుపచ్చ పూసి ఉంటే, దాని కింద పాత నలుపు మీద బ్యాడ్జి అంచు గీత ఇంకా ఉండవచ్చు. పాత నల్ల రంగు పొయ్యిలో కాల్చిన ఎనామిల్, రాయిలా గట్టిగా ఉంటుంది. మీద బ్రష్షుతో పూసినది మెత్తన. బీబీ షెల్లు అడుగున, ఎవరికీ కనపడని చోట, అరచేతి వెడల్పులో వెదురు చీలికతో మెల్లగా గీరి చూడండి. ఆకుపచ్చ పొరలా లేచి కింద నలుపు నునుపుగా వస్తే ఓపికగా తల గొట్టం, సీటు గొట్టం వైపు రండి. బంగారు గీతలు, అక్షరాలు కనబడగానే ఆపి ఫొటో తీయండి. థిన్నరు మాత్రం వాడకండి, ఆకుపచ్చతో పాటు బంగారు అక్షరాలూ పోతాయి. ఇనుము కనబడేదాకా గీరకండి. సీటు గొట్టం మీద ఇంకొక చిన్న ట్రాన్స్‌ఫర్ కోసం కూడా చూడండి, అమ్మిన షాపువాళ్ళు తమ పేరు, ఊరు అక్కడ అతికించేవారు.

ఆ ఊరు మద్రాసు అయితే ఆశ్చర్యపోకండి. మీ గుణుపురం 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రావిన్సు ఏర్పడేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాది. ఆ రోజు నుంచి కోరాపుట్ జిల్లాది, 1992 నుంచి రాయగడ జిల్లాది. మా బరంపురం, పర్లాకిమిడి కూడా అప్పటిదాకా మద్రాసు ప్రెసిడెన్సీ గంజాం జిల్లావే. ఇది సైకిల్ వయసుకి బాగా పనికొస్తుంది. ఇంట్లో పాత ట్రంకు పెట్టె వెతికి, సైకిల్ కొన్న రసీదు, మునిసిపాలిటీకి పన్ను కట్టిన కాగితం, లేదా రేకు మీద సంవత్సరం కొట్టి సైకిల్‌కి తగిలించే బిళ్ళ ఏమన్నా ఉన్నాయేమో చూడండి. కాగితం నెత్తిన జిల్లా పేరు విశాఖపట్నం అని ఉందా కోరాపుట్ అని ఉందా అన్నదే 1936కి ఇటో అటో తేల్చేస్తుంది. సైకిల్ బిళ్ళ దొరికితే ఇంకా మంచిది. డిజైను నంబరు కింది హద్దు చెబితే, బిళ్ళ పై హద్దు చెబుతుంది: ఆ ఏటికి సైకిల్ మీ ఇంట్లో ఉంది.

ఇంట్లో పెద్దవాళ్ళని సంవత్సరం అడగకండి. సంవత్సరం ఎవరికీ సరిగా గుర్తుండదు, ఉద్యోగంలో చేరిన ఏడు, పెళ్ళైన ఏడు, సైకిల్ కొన్న ఏడు కలిసిపోతాయి. మీ ఇంట్లో 1925 అలా వచ్చిందే కావచ్చు, తాతగారి ఉద్యోగం ఏడాది సైకిల్‌కి అంటుకుని ఉంటుంది. బదులుగా ఇలా అడగండి: సైకిల్ వచ్చేసరికి గుణుపురానికి రైలు వచ్చిందా? నౌపడ నుంచి పర్లాకిమిడికి చిన్న రైలు 1900లో మొదలైంది, గుణుపురం దాకా వచ్చింది 1931లో. తాతగారు సైకిల్‌ని రైల్లో తెచ్చుకున్నారా, బండి మీదా, తొక్కుకుంటూ వచ్చారా అన్న కథ ఎవరికో ఒకరికి తెలిసే ఉంటుంది. మీ అమ్మమ్మగారి వైపు వాళ్ళని కూడా అడగండి, సైకిల్ మీద అల్లుడు వచ్చిన సంగతి అత్తవారిల్లు మరిచిపోదు.

ఇప్పటిదాకా కనిపించిన దాన్నిబట్టి నా అంచనా ఇది. ముందు హబ్బు, చైన్ వీలు, బ్రేకు సెట్టు ఇంగ్లాండువి. బ్రేకులు 1931 ప్రాంతానికి ముందువి కావు. వెనక చక్రం, క్యారేజీ స్వాతంత్ర్యం తర్వాతవి. ఫ్రేము బి.ఎస్.ఏ. సామానుతో కట్టినదై, సీటు కాడ దాగిన చోట క్రోమియం ఉంటే, 1931కి, 1939కి మధ్య సైకిల్ అనుకోవడం సబబే. కానీ 1946 తర్వాతది కాదు అని చెప్పడానికి నాకు ఫ్రేము నంబరు కావాలి, ఆకుపచ్చ కింద ఏముందో తెలియాలి. మూడు తుపాకుల ముద్ర లేకుండా 26 చుట్ల మర తేలితే ఈ లెక్క మొత్తం మళ్ళీ మొదటికి వస్తుంది, ర్యాలీ కోవలో వెతకాలి. ఫ్రేము మీదో హబ్బు మీదో బాణం గుర్తు కనిపిస్తే దాన్నీ ఫొటో తీయండి. అది బ్రిటిష్ సైన్యం సొత్తుకి వేసే ముద్ర, బాణం కింద ఇంగ్లీషు ఐ అక్షరముంటే ఇండియా సైన్యానిది. యుద్ధం తర్వాత సైన్యం వదిలించుకున్న సామాను బయటి చేతుల్లోకి వచ్చింది కాబట్టి ఆ దారి కూడా చూడాలి.

తొక్కే స్థితికి తేవాలనుకుంటే అడ్డేమీ లేదు. కిరోసిన్‌తో గ్రీజు కడిగించండి, బాల్స్ కొత్తవి వేయించండి, టైర్లు 28 అంగుళాలకు ఒకటిన్నర సైజువి ఇప్పటికీ దొరుకుతాయి. కాటర్ పిన్ను సుత్తితో నేరుగా కొట్టకుండా, నట్టు సగం మీద ఉంచి, క్రాంకు కింద ఇనప గొట్టం ఆనించి కొట్టమనండి, లేకపోతే ఇరుసు వంగుతుంది. విప్పిన పాత నట్లు, బోల్టులు, కోన్లు పారేయనివ్వకండి, ఒక డబ్బాలో వేసి ఇంటికి తెచ్చుకోండి. పాత ఇంగ్లాండు మరలకు ఇప్పటి మెట్రిక్ నట్లు పట్టవు, బలవంతం చేస్తే మర చెడుతుంది. సీటు తోలు ఎండి చీలినట్టుంది, దానికి ఆముదం, కొబ్బరి నూనె పట్టించొద్దు, మెత్తబడి సాగిపోతుంది. తోలు సీటుకి రాసే మైనం కొద్దిగా పైపైన రాస్తే చాలు.

బ్రిటన్‌లో 1955 నుంచి నడుస్తున్న వెటరన్-సైకిల్ క్లబ్బు ఉంది, ఒక్కో కంపెనీ సైకిళ్ళను ఏళ్ళుగా పరిశీలిస్తున్నవాళ్ళు అందులో ఉన్నారు. ఫ్రేము నంబరు, బీబీ అడుగు, చిల్లుల కొలత, ఫోర్కు పైభాగం ఫొటోలు చేతికొచ్చాక వాళ్ళకి రాద్దాం, ఉత్తరం ఇంగ్లీషులో నేను తయారుచేసి పెడతాను. అంతకన్నా ముందు సీటు కాడ లాగి, తుడిచి, తెల్ల కాగితం పక్కన పెట్టి పగటిపూట ఒక ఫొటో పంపండి.